చెయిను వైపు కప్పు

ఆ సైకిలు ఫ్రేము నీకెలా దొరికిందని ఎవరు అడిగినా ఒక కథ చెప్పేవాణ్ణి. ఓ ఫ్రెంచి ఓడ హార్బరులో ఆగిపోతే, సరుకులెత్తే వాళ్ళ వించికి ఒక్క పూటలో కొత్త షాఫ్టు తయారుచేసి బిగించాననీ, ఆ కెప్టెను సంతోషం పట్టలేక, వెళ్ళిపోయే రోజున తన సొంత సైకిలును ఓడ మీంచి దింపించి నా చేతిలో పెట్టాడనీ. కెప్టెను గడ్డం ఏ రంగో కూడా చెప్పేవాణ్ణి. వినేవాళ్ళ ముఖాలను బట్టి ఆయన ఒకసారి నా భుజం తట్టేవాడు, ఇంకోసారి కావలించుకునేవాడు. ఒకసారి మాత్రం కంటతడి పెట్టాడు. అది కాస్త ఎక్కువైందని నాకే తెలిసిపోయింది.

కెప్టెనూ లేడు, గడ్డమూ లేదు. పోర్టు వర్క్‌షాపు వెనక, ఇనుప ఖనిజం ధూళి పడి ఎర్రబారిన గోడ వారన తుక్కు కుప్ప ఉండేది. తెగిన తాళ్ళు, వంగిన కొక్కేలు, పనికిరాని వాల్వులు. ఏ ఓడవాళ్ళు పారేసిపోయారో, వాటి మధ్య ఈ ఫ్రేము పడి ఉండేది. చక్రాలు లేవు, సీటు లేదు, హ్యాండిలు లేదు. క్యాంటీనులో గిన్నెలు తోమే ఆవిడ దాని మీద తడిగుడ్డలు ఆరేసుకునేది. ఆవిడకు ఒక వెదురు కర్ర కట్టి ఇచ్చి, గేటు కాపలావాడికి రెండు కట్టల బీడీలు ఇచ్చి దాన్ని నాదనిపించుకున్నాను. జరిగింది అంతే.

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. నాకు ముప్ఫై రెండేళ్ళు. వర్క్‌షాపులో టర్నరుని, అంటే లేతు మీద ఇనుము కోసేవాణ్ణి. పోర్టు మొత్తంలో నన్ను మించిన టర్నరు లేడని చెప్పుకునేవాణ్ణి. నన్ను మించినవాడు పక్క లేతు మీదే ఉండేవాడు. ఆయన సంగతి తరువాత వస్తుంది. ముందు నా బావమరిది గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ ఫ్రేమును తుక్కులోంచి లాగింది అతని కోసమే.

నా భార్యకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళది ఆనందపురం పక్క పల్లె. కొద్దిపాటి మడిచెక్క, రెండు గేదెలు. రోజూ తెల్లారేసరికి సైకిలుకు చెరో పక్క పాల క్యాను కట్టుకుని పట్నానికి వచ్చేవాడు. ఇళ్ళకు పాలు పోసి, వెనక్కి వెళ్ళేటప్పుడు తవుడు బస్తా వేసుకునేవాడు. ఆ బరువుతో ఎండాడ మెట్టను సీటు మీంచి లేవకుండా ఎక్కేసేవాడు. బస్సు డ్రైవర్లు అతన్ని దాటేటప్పుడు చిన్నగా హారన్ కొట్టేవారు, పలకరింపుగా. అతని గురించి నేను చెప్పినవాటిలో కొలతకు నిలబడేది ఇదొక్కటే. పాలవాడి కాళ్ళు అవి. ఇందులో ఒక్క నూలు కొలత కూడా కలపలేదు.

ఆ ఏడు ఊళ్ళో ఒక పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు ఆటల కోటాలో మనుషుల్ని తీసుకుంటామన్నారు. జిల్లా సైకిలు పందెంలో మొదట వచ్చిన ఇద్దరికి ఉద్యోగం. వయసు ఇరవై అయిదు దాటకూడదు. అతనికి ఇరవై అయిదు నిండడానికి నాలుగు నెలలుంది. మరో ఏడాది అనే మాట లేదు.

గోపాలపట్నంలో మా అద్దె వాటా వసారాలో ఖాళీ క్యాన్లు దించి, అడిగాడు.

"బావా, నిజింగా ఉజ్జోగం ఇత్తారంటావా?"

"గెలిత్తే ఇత్తారు."

"గెలవడానికేటి, తొక్కీగలను. అయితే ఆ పందెపోళ్ళ బళ్ళు సూసినావా? ఒంటిసేత్తో ఎత్తీవచ్చు. నా బండి ఎత్తాలంటే మా అప్పా నువ్వూ సాయం రావాల."

లోపల్నించి నా భార్య అంది. "ఒరే, నీ బండి మీద పాలు తేవొచ్చుగానీ ఉజ్జోగం తేలేవురా. మీ బావున్నాడు గదా, పెద్ద టర్నరు. అడుగు, ఏటి సేత్తాడో."

అది దెప్పుడు. ఇంట్లో గుమ్మం గడియ విరిగి ఆరు నెలలైంది, నేను బాగుచేయలేదు. కానీ నేను దెప్పుడును దెప్పుడుగా తీసుకునే రకాన్ని కాను.

"నాను సేత్తాను బండి," అన్నాను. "ఫారిన్ బండి. ఇశాపట్నంలో అలాటిది ఇంకోటి లేదు. పోర్టులో నా కింద పడుంది."

అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గడియ సంగతి ఎరిగిన మా ఆవిడ కూడా ఆ క్షణం నమ్మింది.

అది ఫ్రెంచి ఫ్రేమని నేను చూడగానే కనిపెట్టానని కూడా చాలామందికి చెప్పాను. గొట్టాలు కలిసేచోట కట్టిన ఉక్కు తొడుగుల అంచులు ఆకుల్లా సన్నగా ఆకురాయి పట్టి ఉన్నాయనీ, అంత ఓపిక ఫ్రెంచివాళ్ళకే ఉంటుందనీ. నిజానికి నేను దాన్ని ఇంగ్లండుది అనుకున్నాను. ఆ రోజుల్లో కాస్త నాణ్యంగా కనబడిన ఇనుమంతా మాకు ఇంగ్లండే.

మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల మీద పెట్టి కిరసనాయిలుతో తుప్పు తుడిచేవాణ్ణి. తుప్పు కింద ఆకాశం రంగు నీలం బయటపడింది. ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ ఉండాల్సిన చోట రెండు చిన్న బెజ్జాలు మాత్రమే ఉన్నాయి. పేరు లేదు, ఊరు లేదు. పక్క గొట్టానికి గేరు మార్చే చిన్న మీట, వెనక గేరు డబ్బా, రెండూ తుప్పుకు బిగుసుకుపోయి ఉన్నాయి. నాలుగు రోజులు నూనె తాగించాక అవి కదిలాయి. అంతా బాగానే ఉందిగానీ, మన సామాను ఏదీ దానికి ఎక్కడం లేదు. మన హ్యాండిలు కాడ ఫోర్కులోకి దిగదు. మన సీటు గొట్టం లోపలికి పోదు. వెంట్రుకవాసి తేడా. నేను ఎమరీ కాగితంతో రుద్దుతూ కూర్చున్నాను.

పక్క లేతు పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. గోదావరి జిల్లా మనిషి. అందరం గురువుగారూ అనేవాళ్ళం.

"ఏవోయ్, హ్యాండిలు దిగడం లేదా?"

"తుప్పండి గురువుగారూ."

"తుప్పు కాదు, అలా జరుగు." వెర్నియరు తీసి గొట్టాన్ని మూడుచోట్ల కొలిచాడు. "ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు, ఖచ్చితంగా. మన బళ్ళన్నీ ఇంగ్లీషోడి అంగుళాల లెక్క. ఇది ఆ లెక్క కాదు. ఫ్రెంచి బండోయ్ ఇది."

"మీకెలా తెలుసండి?"

"యానాంలో మా మేనమావకి సైకిలు షాపుండేది. ఫ్రెంచి దొరల బళ్ళన్నీ అక్కడికే వచ్చేవి. మన సామాను ఒక్కటీ వాటికి ఎక్కేది కాదు. ఎన్ని తిట్లు తిన్నానో." ఆయన వంగి, పెడళ్ళ ఇరుసు దూరే అడుగు గొట్టాన్ని వేలితో తట్టాడు. "ఇదిగో, ఈ కప్పులు తీసేప్పుడు మాత్రం..."

"తెలుసండి గురువుగారూ," అన్నాను.

ఆయన ఒక క్షణం నా వంక చూశాడు. "తెలిస్తే మంచిదే," అని వెర్నియరు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నాకేం తెలుసో చెబుతాను. పెడళ్ళ ఇరుసుకు రెండు పక్కలా గిన్నెల్లాంటి రెండు ఉక్కు కప్పులుంటాయి. వాటిలో బాల్సు తిరుగుతాయి. ఆ కప్పులు ఫ్రేములోకి మరతో బిగుస్తాయి. మన సైకిళ్ళలో ఎడమ వైపు కప్పు సీసా మూతలాగే విప్పాలి. చెయిను వైపు కప్పుకు మాత్రం ఎదురు మర. సీసా మూత బిగించేటట్టు తిప్పితే అది వదులవుతుంది. మన ఊళ్ళలో సైకిలు విప్పిన ఏ చేతికైనా ఇది ఆలోచన అక్కర్లేని విషయం. చెయ్యే అటు పోతుంది. ఫ్రెంచివాళ్ళు రెండు వైపులా మామూలు మరే పెట్టారు. ఆ సంగతి చెప్పబోతేనే నేను పెద్దాయన నోరు మూయించాను.

స్పానరుకు మూడడుగుల పైపు తొడిగి, చెయిను వైపు కప్పును బిగించే దిక్కుకు తిప్పాను, విప్పుతున్నాననుకుంటూ. కదల్లేదు. తుప్పనుకున్నాను. పైపు మీద కాలు పెట్టి నా బరువంతా వేశాను. పావు చుట్టు తిరిగింది. సంతోషించాను. ఇంకోసారి వేశాను. టప్పుమని కప్పు అంచు విరిగి కింద పడింది.

మిగిలిన ముక్కను ఉలితో కొట్టి తీస్తుంటే, అప్పుడు అర్థమైంది మర ఎటు ఉందో. వర్క్‌షాపులో ఎవరూ చూడలేదు. సాయంత్రం అందరితో, "కప్పులు అరచుట్టులో వచ్చేశాయి, వెన్న," అని చెప్పాను.

విరిగినదాని బదులు కొత్త కప్పు కోసుకోవచ్చు. టర్నరుకు అదేం పెద్ద పని కాదు. కానీ మా లేతులన్నీ అంగుళాల మర కోసేవి. మిల్లీమీటర్ల మర కొయ్యాలంటే లేతు పక్కన ఒక ప్రత్యేకమైన పళ్ళ చక్రం వేసుకోవాలి, నూట ఇరవై ఏడు పళ్ళది. వర్క్‌షాపుకంతా అది ఒక్కటే ఉండేది. పెద్దాయన దాన్ని నూనెగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, తాళం చెవి మొలతాడుకు కట్టుకునేవాడు. దాని అవసరం వచ్చేది విదేశీ ఓడల సామాను మన చేతుల్లో విరిగినప్పుడే. అందుకని ఎవరు వచ్చి చక్రం అడిగినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఏం పాడు చేశావ్?"

జవాబు చెప్పాలి. చెబితే, బీరువా తలుపు లోపలి వైపు సుద్దతో మన పేరూ, పాడు చేసిన వస్తువూ రాసేవాడు. కొత్తది తయారై, సరిపోయిందని స్వయంగా చూశాకే చెరిపేవాడు. ఆ తలుపు మీద పేరు పడని టర్నర్లు వర్క్‌షాపులో ఇద్దరే. ఆయనా, నేనూ. ఆ సంగతి నేను ఎంతమందికి చెప్పుకున్నానో.

చక్రం అడగలేదు. అంగుళాల లెక్కలో దానికి దగ్గరగా ఉండే మర కోశాను. దగ్గరే, అదే కాదు. ఉక్కును కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరిచి, ఫ్రేములో పెట్టి తిప్పాను. మూడు చుట్లు చేత్తోనే దిగింది. తరువాత స్పానరుతో ఇంకో అరచుట్టు. ఆ తరువాత రాయిలా ఆగిపోయింది.

మర కుదరడం వేరు, ఇరుక్కోవడం వేరు. ఆ తేడా టర్నరుకు చెయ్యే చెబుతుంది. నా చెయ్యి చెప్పింది. పైగా, చెయిను వైపు మామూలు మర ఉంటే తొక్కేకొద్దీ కప్పు తనంతట తానే వదులవ్వాలని చూస్తుంది. మనవాళ్ళు ఎదురు మర పెట్టింది అందుకే. ఇది కూడా నాకు తెలుసు. కప్పు కదలకుండా దాని అంచు మీద పంచితో మూడు దెబ్బలు కొట్టి, నీలం పెయింటు వేసేశాను.

పెయింటు మాత్రం అద్భుతంగా వచ్చింది. ఆకుల్లాంటి ఆ అంచులకు సన్నటి బంగారు గీత గీశాను, పిల్లి మీసం బ్రష్షుతో. చక్రాలు, సీటు, హ్యాండిలు, సైకిలు మానేసిన ఒక ఆఫీసరు కొడుకు దగ్గర అడిగి తెచ్చాను. హ్యాండిలు కాడనూ సీటు కాడనూ సన్నగా కోసి దించాను. బండి తయారైన రోజున మా వీధంతా వచ్చి చూసింది. నా బావమరిది దాన్ని ముట్టుకోకుండా రెండుసార్లు చుట్టూ తిరిగాడు.

"ఎక్కీరా," అన్నాను.

"ఆగు బావా. కాళ్ళు కడుక్కొత్తాను."

పాలు మధ్యాహ్నానికి ముగించుకుని పది రోజులు దాని మీద సాధన చేశాడు. గేర్లు అతనికి కొత్త. మీట కదిపినప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. ఏడో రోజో ఎనిమిదో రోజో వసారాలో బండి ఆనించి అన్నాడు.

"బావా, సెయిను పక్క ఏదో టిక్కుటిక్కుమంతంది. గట్టిగా తొక్కినప్పుడు."

"కొత్త బండి గదేటి. సర్దుకుంతాది."

"ఓపాలి ఇప్పి సూత్తావా?"

"ఫ్రెంచి బండిరా అది. ఊరికే ఇప్పితే పాడయిపోద్ది."

సరేనన్నాడు. నా మాట మీద అతనికి ఎప్పుడూ రెండో మాట లేదు.

పందెం ఆదివారం పొద్దున్న. బీచిరోడ్డు నుంచి ఆనందపురం జంక్షను దాకా వెళ్ళి వెనక్కి రావాలి. నేను ఒక స్నేహితుడి స్కూటరు వెనక కూర్చుని ఎండాడ మెట్ట మీదకు పోయి నిలబడ్డాను. తిరుగుదారిలో అక్కడ ఎక్కుడు. ఆ పైన ఊరు దాకా పెద్ద కష్టం లేదు.

అతను అందరికంటే అరమైలు ముందున్నాడని చెప్పేవాణ్ణి. అరమైలు లేదు. రెండోవాడుగా వస్తున్నాడు, మొదటివాడి వెనకాలే. మూడోవాడు చాలా దూరంలో చుక్కలా కనబడుతున్నాడు. ఇద్దరికి ఉద్యోగం. అతను గెలవక్కర్లేదు, అలాగే తొక్కితే చాలు. ఎప్పుడూ సీటు మీంచి లేవనివాడు ఆ రోజు లేచి నిలబడి తొక్కుతున్నాడు. పందెంవాళ్ళు అలా తొక్కుతారని నేనే చెప్పాను. నన్ను చూశాడు. నవ్వాడు. ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

నాకూ అతనికీ మధ్య యాభై గజాలుంటుంది. కుడికాలు ఒక్కసారిగా కిందికి జారిపోయింది, మెట్టు లేనిచోట అడుగు వేసినట్టు. బండి అటు ఒరిగింది. రోడ్డు బాగుచేయడానికి పోసిన కంకర కుప్ప మీద మోకాలితో పడ్డాడు.

ఇక్కడ ఇంకో కథ ఉండేది. విరిగిన మోకాలితో సైకిలును భుజాన వేసుకుని రెండు మైళ్ళు నడిచి గీత దాటాడనీ, జనం చప్పట్లు కొట్టారనీ. పోర్టు క్యాంటీనులో ఆ కథకు మనుషులు కళ్ళు తుడుచుకోవడం చూశాను. అతను లేవలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని కంకరలో కూర్చుని ఉన్నాడు. మూడోవాడు మా పక్కనించే వెళ్ళిపోయాడు, తల తిప్పకుండా. నాలుగోవాడు కూడా.

నేను వెళ్ళేసరికి అతను అడిగిన మొదటి మాట, "బండికేటి అవ్వలేదు గదా బావా?"

చూశాను. చెయిను వైపు కప్పు మర తెంపుకుని బయటికి వచ్చి, ఇరుసు మీద గాజులా వేలాడుతోంది. ఇరుసు వంకర తిరిగింది. చెయిను ఊడింది. బాల్సు తారురోడ్డు మీద చెల్లాచెదురై, కొన్ని పల్లం వైపు ఇంకా దొర్లుతున్నాయి. స్కూటరు స్నేహితుడు ఆటో కోసం పరిగెత్తాడు. పందెం తాలూకు మనుషులు దూరం నుంచి వస్తున్నారు. నేను బండి ఎత్తుతున్నట్టు వంగి, ఆ కప్పును బొటనవేలితో నొక్కాను. రాయిలా బిగిసిందని నేను చెప్పిన కప్పు బొటనవేలికే లోపలికి పోయింది. పైన నూనె మురికి పులిమాను. దగ్గర్లో ఉన్న బాల్సు ఏరి జేబులో వేసుకున్నాను.

"ఏటయింది బావా? కింద ఏదో జారినట్టయింది."

"గేరు మీట లాగీసినావా?" అన్నాను.

ఆలోచించాడు. నొప్పికి ముఖమంతా చెమట. "ఏమో... సెయ్యి తగిలిందేమో."

"తగిలుంతాది. మెట్ట మీద గేరు మార్సకూడదని నీకు సెప్పలేదేటి?"

నేను ఎప్పుడూ అలా చెప్పలేదు.

"సెప్పినావు బావా," అన్నాడు.

మోకాలిచిప్ప మూడు ముక్కలైంది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టారు. కట్టు విప్పాక కాలు వంగలేదు. పాల క్యాన్లు మోసే సైకిలును వాళ్ళ నాన్న అమ్మేశాడు, తరువాత గేదెల్ని. నాలుగు నెలలు గడిచి అతనికి ఇరవై అయిదు నిండాయి. పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ అతనే చెప్పేవాడు, "నాదే తప్పు. మా బావ ముందే సెప్పినాడు. నానే మీట లాగీసినాను." మా అత్తగారు నా చేతులు పట్టుకుని, "నువ్వంత కట్టపడి సేసిత్తే, ఈడి సెయ్యి ఊరుకోలేదు బాబూ," అని ఏడ్చింది. నేను, పోనీయండి అన్నాను. పెద్దమనసు చూపించాను.

కొన్నేళ్ళకు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట ఒక కాంట్రాక్టరు దగ్గర అతనికి సిమెంటు గోదాము కాపలా దొరికింది. పల్లె నుంచి రానూపోనూ కుదరక మా ఇంట్లోనే ఉండేవాడు. పని నుంచి వచ్చి, ముఖం మీద బూడిదరంగు కడుక్కుని వసారాలో గోడకానుకుని కూర్చునేవాడు. వంగని ఆ కాలు గుమ్మానికి అడ్డంగా చాచి ఉండేది. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఆ కాలు దాటాలి. రోజుకు ఎన్నిసార్లో. ఫ్రేము ఇంట్లో అటక మీద ఉండేది. ఆ కప్పును పందెం రోజే విప్పేసి నా సామాను పెట్టెలో అడుక్కి తోశాను.

ఎనభైల మధ్యలో పెద్దాయన రిటైరయ్యే వారం వచ్చింది. ఆయన వెళ్ళిపోతే బీరువా తాళం చెవి నాకే ఇస్తారని అందరూ అనుకుంటున్నారు. చక్రం తీసుకోవడానికి ఇక ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పనక్కర్లేదు. ఎందుకో, ఆయన ఉండగానే వెళ్ళాను.

"గురువుగారూ, చక్రం కావాలండి."

"ఏం పాడు చేశావ్?"

"ఒక మనిషినండి" అన్నానని రాసుకుంటే ఎంతో బాగుంటుంది. రెండుసార్లు అలా రాసి కొట్టేశాను కూడా. నేనన్నది, "ఒక కప్పండి."

"ఏం కప్పు?"

"సైకిలుదండి. ఆ ఫ్రెంచిది."

ఆయన చాలాసేపు మొలతాడు ముడితో తంటాలు పడ్డాడు. "తెలుసన్నావుగా," అన్నాడు, నా వైపు చూడకుండా. తలుపు మీద సుద్దతో నా పేరు రాశాడు. దాని పక్కన, కప్పు.

చక్రం వేసి కోసిన మర వేలి కొసతో తిప్పితేనే చివరిదాకా దిగింది. స్పానరు అక్కర్లేకపోయింది. పెద్ద బోల్టూ, రెండు మందపాటి పలకలూ వేసి, చెయిను వైపు కప్పును ఎలా బిగించాలో ఆయనే దగ్గరుండి చూపించాడు. యానాంలో అలాగే చేసేవారట. మొదట్లోనే ఆ మాట విని ఉంటే నాకు పట్టేది ఒక్క నిమిషం.

"సరిపోయిందా?"

"సరిపోయిందండి."

"అయితే చెరిపేసుకో," అని గుడ్డ నా చేతికిచ్చాడు.

బావమరిదికి చెప్పేద్దామనుకున్నాను. చెప్పాను కూడా. వసారాలో అతని పక్కన కూర్చుని, పాత కప్పు చేతిలో పెట్టి అంతా చెప్పాను. అతను కప్పును అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "పోన్లే బావా. నువ్వు కావాలని సేసినావేటి," అన్నాడు.

ఇలా అని నా భార్యకు చెప్పాను. ఎనభైల ఆఖర్లో కామెర్లు వచ్చి అతను పోయాడు. పెద్దకర్మ రోజున అందరూ వెళ్ళిపోయాక, ఆవిడ గుమ్మంలో కూర్చుని, "ఆ మీటే మా తమ్ముడి బతుకు తినీసింది," అంది. వినలేకపోయాను. కప్పు సంగతి మొత్తం బయటపెట్టాను. ఆవిడ ముఖం మారడం చూసి భయపడి, అదే ఊపులో, అతనికి ముందే చెప్పాననీ, నవ్వి పోన్లే అన్నాడనీ కలిపాను. ఆవిడ ఏడ్చి, ఏడ్చి, "ఆడే ఊరుకున్నాక నానేటంతాను," అంది. ఇన్నేళ్ళూ మా కాపురం ఆ పోన్లే మీద నడిచింది. నేను రాసేవి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదువుతుంది. ఇది కూడా చదువుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్న. కొత్త కప్పు కోసిన వారమే, బండి మొత్తం మళ్ళీ బిగించి వసారాలోకి తెచ్చాను. అతను గోడకానుకుని ఉన్నాడు, కాలు చాచి. పాత కప్పు నా చొక్కా జేబులో ఉంది, బరువుగా. అతను ముందుకు వంగి పెడలును చేత్తో తిప్పాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"టిక్కుటిక్కు లేదు," అన్నాడు.

"లేదు."

"నువ్వన్నావు గదా, సర్దుకుంతాదని."

"ఒరే, నీకో మాట సెప్పాల," అన్నాను. జేబు మీద చెయ్యి వేశాను.

"నాకూ ఓ పనుంది బావా, సేత్తావేటి?"

"ఏటి?"

"ఆ గేరు మీట తీసీ. దాన్ని సూత్తే నాకు నా సెయ్యే గుర్తొత్తాది. నా సెయ్యి ఊరుకునుంటే ఇయ్యాల ఎలగుండేవోణ్ణి."

అతను తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. పాలు పితికిన చెయ్యి, సిమెంటుకు వేళ్ళ సందులు పగిలిన చెయ్యి. ఆ చెయ్యి ఏ పాపమూ ఎరగదని చెప్పగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. నోరు తెరిచాను. కొత్త కప్పు గురించి, ఎంత బాగా కుదిరిందో రెండు మాటలు చెప్పాను. తరువాత లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాను.

ఒక్క స్క్రూ. విప్పి మీటను అతని అరచేతిలో పెట్టాను. అతను దాన్ని కాసేపు పట్టుకుని, వీధి కాలవలోకి విసిరేశాడు.

"ఇప్పుడు బాగుంది బండి," అన్నాడు. రెండు చేతులతో కాలును ఎత్తి కాస్త పక్కకు పెట్టుకుని, నేను లోపలికి పోవడానికి దారి ఇచ్చాడు.